జపాను అవ్వ బొంత

హాజిరాకు ముప్పై ఆరేళ్లు. చాయ్ ఎప్పుడూ నిలబడే తాగుతుంది. సాయంత్రమైతే గద్వాలలోని తమ ఇంటి అరుగు మీద మగవాళ్లు చేరతారు, ఆమె పరదా వెనక ఉండిపోతుంది. భర్త ఇమామ్ సాహెబ్ ఆమెతో రోజుకు నాలుగు మాటలాడితే గొప్ప. అరుగెక్కితే మాత్రం ఆయన నోటికి అలుపు లేదు. బొంబాయి రేవులో జపాను కంపెనీ గోదాములో గుమాస్తాగా చేసి, పెట్టెడు జపాను పల్లెసామానుతో తిరిగొచ్చాడు: మట్టిగిన్నెలు, నీలం గుడ్డలు, చేతులూ కాళ్లూ లేని కొయ్యబొమ్మలు. ఆ బొమ్మల్ని రోజూ తుడుస్తాడు. ఆ చెయ్యి అంత నెమ్మదిగా తన మీద ఎప్పుడు పడిందో హాజిరాకు గుర్తు లేదు.

ఆ సాయంత్రం ఆయన అరుగు మీద ఒక బొంత పరిచాడు. హాజిరా పరదా సందులోంచి చూసింది. తన పెళ్లికి అమ్మ కుట్టిన బొంత అది. అమ్మ పోయాక మిగిలింది అదొక్కటే.

"రేవుల తారో అని ఒక జపానాయన దోస్తయిండు," మొదలుపెట్టాడు ఇమామ్ సాహెబ్. "కతలు రాస్తడు. ఒకటి చదివి వినిపిచ్చిండు. ఆఖరు జర మార్చమన్న, మార్చిండు, గంతే. ఆ తర్వాత ఏమైందో తెల్సా? అది అచ్చైతే జపానంత దుకాన్లు బందు పెట్టి చదివిన్రు! ఇగ అక్కడ రాసెటోళ్లందరు నా కాడికే. ఒకాయన దుఃఖం కతల నేను రెండు మాటలు కలిపిన, చదివినోళ్ల కన్నీళ్లకు రేవుల ఓడలు తాళ్లు తెంపుకున్నయి!"

"జపాను మాట మీకెట్లొస్తది సాబ్?" అన్నాడు నేతపని వెంకటన్న.

"నాకెందుకు రావాలె? తారోనే తెలుగు నేర్చుకున్నడు, వారంల. ఇప్పుడు వాళ్లింట్ల కోళ్లు గూడ తెలుగుల్నే కూస్తయి."

"మరి ఈ బొంత?"

"ఆయన నాయనమ్మ కుట్టింది. ఒహానా ఆమె పేరు. కుట్టుకొక కత చెప్తుండెనంట. పానం పోతుంటే, గద్వాల ఇమామ్‌కు ఇయ్యున్రి అని కన్ను మూసింది. రేపు హైద్రాబాదు నుంచి ఒక నవాబు మనిషి వస్తుండు. కొంటపోయి అద్దాల పెట్టెల పెడ్తడంట."

పరదా తొలగింది. హాజిరా అరుగు మీదికి వచ్చింది. మగవాళ్ల ముందుకు ఆమె రావడం అదే మొదలు. వంగి, బొంత మూల కుట్టును పంటితో తెంపింది. జొన్నలు రాలాయి.

"మా తల్లిగారూరు మల్దకల్ల బొంత కడుపుల జొన్నలు పోస్తరు," అన్నది. "అత్తింటికి పొయ్యే బిడ్డ వెంట అది ఉపాసం పోవద్దని."

అరుగు చివర కూర్చున్న మాసయ్యకు నవ్వు ఆగలేదు. "జపాన్ల గూడ జొన్నరొట్టెనేనా సాబ్?"

"అవి... అవి ముసలామెకు నేను పంపిన జొన్నలు."

అరుగంతా గొల్లుమన్నది. హాజిరా నవ్వలేదు.

"ఎవరి నాయనమ్మ పేరో మీకు తెల్సు. మా అమ్మ పేరేందో చెప్పున్రి."

ఇమామ్ సాహెబ్ వంగి, రాలిన జొన్నలు ఏరసాగాడు.

"ఖైరున్నిసా," అన్నది ఆమె. పెళ్లయి వచ్చాక ఆ పేరు ఆ ఇంట్లో ఎవరూ పలకలేదు. బొంత మడిచి చంకన పెట్టుకుని లోపలికి పోయింది.

మరుసటేడు ఆమె మల్దకల్ వెళ్లిపోయి, బొంతలు కుట్టి బతికింది. భర్త చనిపోయాడని కబురొస్తే వెళ్లలేదు.