పోలీసు మంత్రిని దించినవాణ్ణి నేనే

నా బొజ్జ చూసి నవ్వుకోండి, బట్టతల చూసి నవ్వుకోండి, ఫర్వాలేదు. కానీ పోలీసు మంత్రి పెరెపిల్కో పదవి ఊడిందని వార్తల్లో అంతసేపు చెప్పారే, ఊడగొట్టిన ఈ పనాస్ పేరు ఒక్కడైనా ఎత్తాడా? ఒళ్లు మండిపోతోంది నాకు!

మోత్రియా, ఇంకో గ్లాసు టీ పొయ్యి. ఇవాళ నేనెందుకొచ్చానో నీకూ తెలుసు, ఈ బస్టాండు మొత్తానికీ తెలుసు. ఇస్త్రీ చొక్కా వేసుకుని పెళ్లి అడగడానికొచ్చినవాడు ఎలాంటి మగాడో నువ్వూ వినాలి.

ఆ పెరెపిల్కో పోల్తావా రోడ్డు మీద ట్రాఫిక్ కానిస్టేబులుగా ఉన్న రోజుల్లో నా లారీ ఆపాడు. జరిమానా బదులు పంది కొవ్వు ముక్క పెట్టమన్నాడు. పెట్టానా? కళ్లెర్రజేశాను, అంతే!

"పెట్టావులే, ఉప్పు రాసి మరీ," అన్నాడు బల్ల చివర కూర్చున్న హ్నాత్ తాత.

నువ్వుండు తాతా! ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ ముక్కలు తిని తిని వాడు ఇన్‌స్పెక్టరయ్యాడు, జనరలయ్యాడు, మంత్రయ్యాడు. ఛాతీ మీద చోటు చాలక పతకాలు వీపున కుట్టించుకున్నాడు. లంచం ఇవ్వనన్న పాపానికి నీ అన్నని జైల్లో కుక్కించాడు కదా మోత్రియా, సిగ్గులేని దొంగ! అందుకే, నీ కోసమే, నేను కీవ్ బయల్దేరాను. వాడి ఇంటి కంచె ఎంత పొడుగంటే, ఈ చివర మంచు పడుతుంటే ఆ చివర చెర్రీ పూసేది. ఒక్క తన్ను తన్నాను. కంచె పడింది, ఆ గాలికి మంత్రివర్గం పడింది, వాడు కుర్చీతో సహా ఎగిరి ద్నీపర్ నది నడిమధ్య పడ్డాడు! అక్కడ చేపలు ఇప్పటికీ సెల్యూట్ కొడుతున్నాయి!

మోత్రియ గ్లాసు తుడవడం ఆపింది. "ఆయన మన ఊరొచ్చినప్పుడు కుట్టుపూల తువ్వాలు మీద రొట్టె, ఉప్పు పట్టుకుని స్వాగతం చెప్పడానికి ఎదురెళ్లిందెవరు, పనాస్?"

"ఎవరో ఒకరు వెళ్లాలి కదా..."

"ఆ రొట్టె కాల్చింది నేను. మా అన్న సంగతి ఆయన చెవిన వేస్తానని తీసుకెళ్లావు. వంగి దండం పెట్టావు. ఆయన రొట్టె తుంచి, ఉప్పులో అద్దుకుని, నములుతూ కారెక్కి వెళ్లిపోయాడు. నువ్వింకా వంగే ఉన్నావు."

"నడుం పట్టేసింది మోత్రియా!"

ఆమె లోపలికెళ్లి, ఓ గుమ్మడికాయ తెచ్చి నా చేతుల్లో పెట్టింది. మా వైపు పెళ్లి అడగడానికొచ్చినవాడికి అది దక్కిందంటే పిల్ల కాదన్నట్టే, ఇక ఆ ఇంట్లో అడిగేది ఏమీ లేదు. దాని బరువుకి నేను ముందుకు వంగిపోయాను.

"ఒరేయ్ పనాస్," అన్నాడు హ్నాత్ తాత, "ఈసారైనా తొందరగా లేవరా!"