పద్నాలుగో నంబరు జెర్సీ

బాస్కెట్‌బాల్ లీగ్‌లో ఆఖరి మ్యాచ్ అయిపోయి అరగంటైంది. దుస్తుల గదిలో ఇద్దరే మిగిలారు. ఒకరు జట్టు బట్టలు ఉతికి మడతపెట్టి అందించే పెద్దాయన. జట్టందరికీ ఆయన బాబాయే. రెండోవాడు సీజనంతా బెంచీ మీదే కూర్చున్న పొడుగాటి ఆటగాడు.

"జిప్పు లాగేముందు లోపల ఏముందో చూసుకోవాలా వద్దా, అది చెప్పు."

"మర్చిపోయాను బాబాయ్."

"మర్చిపోవడానికి అదేమన్నా గొడుగా? ముప్పై మూడు మ్యాచ్‌లు బెంచీ అరగదీశావు. ముప్పై నాలుగోదాంట్లో, నాలుగు నిమిషాలుందనగా, కోచ్ వేలెత్తి నిన్ను పిలిచాడు. ఆ మనిషి నిన్ను పిలవడమే ఒక వింత. నువ్వేమో గీత దగ్గరికెళ్లి, రిఫరీ ఎదురుగా, అంతమంది చూస్తుండగా ట్రాక్‌సూట్ విప్పి, బనీనుతో నిలబడ్డావు. జెర్సీ లేదని రిఫరీ లోపలికి రానివ్వలేదు."

"జనం నవ్వుకున్నారుగా, పోనీలే. ఇరవై పాయింట్లతో ఓడిపోయే మ్యాచ్‌లో వాళ్లకి దక్కింది అదొక్కటే."

"వేళాకోళాలాడకు. నాకు ఒళ్లు మండిపోతోంది. ఎండల్లో కూడా మెడదాకా జిప్పు పెట్టుకు కూర్చుంటావు, చలిమనిషని పేరు కూడా పెట్టారు. ఆ జిప్పు ముందే ఒకసారి తీసుంటే తెలిసేది కదా."

"పరువు పోయింది నాది. నీకెందుకు మంట?"

"నాకెందుకా? నీ ఒప్పందంలో ఏం రాశారో నాకు తెలీదనుకున్నావా? సీజన్‌లో ఒక్క మ్యాచ్‌లోనైనా కోర్టులో అడుగుపెట్టకపోతే వచ్చే ఏడు జట్టులో నీ పేరుండదు. ఒక్క అడుగురా. ఒక్కటి."

"తెలుసు."

"తెలిసీ..."

"తెలిసీ మర్చిపోయాను. ఎన్నిసార్లు చెప్పించుకుంటావు?"

"సరే. జెర్సీ ఎక్కడుంది మరి?"

"లాకర్‌లో."

"లాకర్‌లో ఉందా?"

"ఉంది."

"చూశావా?"

"చూశాను బాబాయ్. కొక్కేనికి వేలాడుతోంది. ఇంక వదిలెయ్."

"పొద్దున చూశావా, ఇప్పుడు చూశావా?"

"వదిలెయ్యమన్నానా."

"తలుపు తియ్యి, నేనొకసారి చూస్తాను."

"తియ్యను. బస్సు వెళ్లిపోతుంది, పద."

"ఒరేయ్, అందులో జెర్సీ లేదు. లేదని నాకు తెలుసు. ఎవరిని కాపాడదామని ఈ అబద్ధం?"

"బస్సు వెళ్లిపోతోంది బాబాయ్."

"కూర్చో. నువ్వు నిలబడితే నీ మొహం నాకు అందదు. ఆ... ఏడో మ్యాచ్ గుర్తుందా?"

"గెలిచాం."

"గెలిచాం. ఆ పొద్దున కెప్టెన్ జెర్సీ మీద ఇస్త్రీపెట్టె పెట్టి, ఫోనొస్తే మాట్లాడుతూ నిలబడ్డాను. అంకె కరిగి బట్టకి బొక్క పడింది. కెప్టెన్‌ది నాలుగు. నీ పద్నాలుగేమో ఉతికింది ఉతికినట్టే తళతళలాడుతూ ఉంది. నీ దాంట్లో ఒకటి అంకె ఊడబీకాను. నాలుగు మిగిలింది. కాస్త పక్కకుంది, కానీ పరిగెత్తేవాడి వీపు ఎవరు కొలుస్తారు?"

"తర్వాతైనా వెనక్కి తీసుకోవచ్చుగా."

"ఎలా తీసుకుంటాను? ఆ రోజు గెలిచేసరికి అదృష్టమంతా ఆ జెర్సీలోనే ఉందని కెప్టెన్ పట్టుకు కూర్చున్నాడు. ఉతకడానికివ్వమంటేనే గింజుకుంటాడు."

"అదృష్టమా? తర్వాత పందొమ్మిది ఓడాం."

"ఆ మాట కెప్టెన్‌తో అనే ధైర్యం నాకుందా?"

"కొత్తది తెప్పించాల్సింది."

"తెప్పించాను. పదో మ్యాచ్‌కే వచ్చింది. ఇదిగో, ఈ పెట్టె అడుగున, కవరు కూడా విప్పలేదు. నువ్వు అడిగిన రోజు ఇద్దామనుకున్నాను. ఎలాగూ నిన్ను..."

"ఆగావేం? పూర్తి చెయ్యి."

"ఎలాగూ నిన్ను పిలవరు కదా అనుకున్నాను. చాలా? నోటితో అంటుంటే నాకే సిగ్గుగా ఉంది. కోచ్ పక్కగదిలోనే ఉన్నాడు, వచ్చే ఏటి పేర్లు రాస్తున్నాడు. వెళ్లి జరిగిందంతా చెప్పేస్తాను. బట్టలవాడు చేసిన తప్పుకి ఆటగాడి పొట్ట కొట్టొద్దని కాళ్లావేళ్లా పడతాను."

"వెళ్లకు."

"నా ఉద్యోగం పోతే పోనీ."

"వెళ్లొద్దంటున్నానా. నువ్వు చెప్పబోయేది నిజం కాదు."

"కాకపోవడమేంటి? జెర్సీ తీసింది నేను, ఇవ్వనిది నేను..."

"తీసింది నువ్వే. అది లేదని నాకు తెలీదని ఎలా అనుకున్నావు? నేనేం చలిమనిషిని కాను బాబాయ్. ఏడో మ్యాచ్ నుంచీ లోపల బనీనే."

"ఏడో మ్యాచ్ నుంచా?"

"కెప్టెన్ వీపు మీద పక్కకి జరిగిన ఆ నాలుగుని బెంచీ మీంచి రోజూ చూశాను. నేను ఆడకపోయినా నా జెర్సీ మ్యాచ్‌కి ముప్పై నిమిషాలాడింది."

"మరి నన్నొక్క మాట అడగలేదేంరా? అడిగుంటే ఆ క్షణమే ఇచ్చేవాణ్ని కదా."

"ఇస్తావనే అడగలేదు. ఇస్తే వేసుకోవాలి. వేసుకుంటే, ఇవాళైనా పిలుస్తాడేమోనని మ్యాచ్ మొత్తం కోచ్ వేలి వంకే చూస్తూ కూర్చోవాలి. ఆరు మ్యాచ్‌లు అలా కూర్చున్నాను బాబాయ్. లాకర్‌లో జెర్సీ కనపడని రోజే మొదటిసారి ఆట హాయిగా చూశాను."