ఖాళీ కొక్కెం

తాళం తుప్పు పట్టి బిగుసుకుపోయిందని రాశారేంటమ్మా? ఆ తాళానికి పదిహేను రోజులకోసారి నూనె వేసేది నేనే! నా మీద ఏ కేసైనా రాసుకోండి, దాని మీద మాత్రం రాయకండి. అదేం చేసింది పాపం.

అబ్బే, మీరు నా మంచికే చెబుతున్నారు, తెలుస్తూనే ఉంది. కాగితం కూడా మీరే రాసి పెట్టారు, చక్కటి దస్తూరీ. కింద తోదర్ కిరిలా అని ఒక్క సంతకం గిలికితే ఇంటికెళ్ళి చిక్కుడుగింజల పులుసు తాగొచ్చు. గిలకకపోతేనేమో, నూట ముప్పై తొమ్మిది మందిని యాభై నిమిషాలు బంధించిన కేసు. అందులో మంత్రి గారి సహాయకులు ఇద్దరు. నా మొహానికి ఇంత పెద్ద కేసు వస్తుందని కలలో కూడా అనుకోలేదు ఆఫీసరమ్మా. ఒక మూల కాస్త గర్వంగా కూడా ఉంది.

మొదట్నించీ చెప్పమంటారా? సరే. మీరు టైపు చెయ్యక్కర్లేదు, ఊరికే వినండి.

నన్ను ఆ సదస్సుకి ఎందుకు పిలిచారంటే, వాళ్ళకో గని కార్మికుడు కావాలి. ఎండ నుంచీ గాలి నుంచీ కరెంటు తీసే పెద్దలు ఆరు దేశాల నుంచి వస్తున్నారు. బొగ్గు వాడొకడు ఎదురుగా కూర్చుంటే ఫొటో నిండుగా ఉంటుందని. కొత్త హెల్మెట్టు పెట్టి, మొహానికి మసి పూస్తామన్నారు. మసి వద్దన్నాను. నిజానికి హెల్మెట్టు కూడా వద్దనాల్సింది. ముప్పై నాలుగేళ్ళ సర్వీసులో నేను గనిలోకి దిగింది మూడే మూడుసార్లు! అందులో ఒకసారి కళ్ళు తిరిగి పడిపోతే మీ తాత గ్రిగోరె భుజాన వేసుకుని పైకి తెచ్చాడు. మూడొందల పద్దెనిమిది. ఆ, మీ తాత నంబరే. మనుషుల పేర్లు మర్చిపోతానేమో గానీ, నంబర్లు పోవు.

నాది ల్యాంపు గది. దిగేవాడికి దీపం, నంబరు బిళ్ళ ఇవ్వడం. పైకొచ్చాక రెండూ తీసుకోవడం. బోర్డు మీద కొక్కేనికి బిళ్ళ తగిలిస్తే మనిషి పైన ఉన్నట్టు. కొక్కెం ఖాళీగా ఉంటే మనిషి కింద ఉన్నట్టు. అంతే నా చదువు.

గని మూసేశాక నన్ను బాగు చేద్దామని చూశారు. సోలార్ పలకలు బిగించడం ఆరు వారాలు నేర్పి పట్టా ఇచ్చారు. అప్పటికి యాభై ఎనిమిదేళ్ళు. ఒకే ఒక్క పైకప్పు ఎక్కాను, దిగడానికి ఫైరింజన్ రావాల్సొచ్చింది. మా వీధి మొత్తం కుర్చీలేసుకుని చూశారు. కింద కళ్ళు తిరుగుతాయి, పైన కాళ్ళు వణుకుతాయి. నేల మీద చేసే పని ఏదైనా ఉంటే చూడండని అడిగితే, నిన్న సదస్సు జరిగిన ఆ మందిరానికి కాపలా ఇచ్చారు. అది మా ల్యాంపు గదే. అదే ఇనప తలుపు, అవే కొక్కేలు. గోడకి తెల్లరంగు వేసి, కాఫీ మిషనొకటి పెట్టారు, సదస్సుల మందిరం అయిపోయింది.

నిన్న పొద్దున కొద్రూత్సా, అదే, ఆ సదస్సు నడిపించిన అమ్మాయి, వచ్చింది. "తోదర్ బాబాయ్, ఈ మెడ కార్డులు మళ్ళీ వాడుకునేవి. పర్యావరణం కదా! నూట నలభై ఉన్నాయి. సాయంత్రం ఒక్కటి తగ్గినా నేను ఊరుకోను" అంది. చూడండి, ఎవరికి చెప్పాలో వాళ్ళకే చెప్పింది. నేను కార్డుల మీద నంబర్లేసి, కొక్కేలకి తగిలించి, మనిషి రాగానే తీసి ఇచ్చాను. నూట నలభై కొక్కేలూ ఖాళీ అయ్యాయి. ఎన్నేళ్ళకో! లోపల నాకేదో పండగలా ఉంది, దాచడం దేనికి.

వేదిక వెనక ఇంత పొడుగు బట్ట కట్టారు. 'ఈ మార్పులో ఎవ్వరినీ వెనక వదిలేయం.' రాజధాని నుంచి వచ్చిన డాక్టరు గారి మొదటి ఉపన్యాసం దాని మీదే. నంబరు నూట పన్నెండు. బాగా మాట్లాడాడు. "ఒక్కరిని కూడా!" అని వేలు పైకెత్తి మూడుసార్లు అన్నాడు. అందరూ చప్పట్లు. నేనూ కొట్టాను, హెల్మెట్టు ఊడి పడింది.

మధ్యాహ్నం క్యాబేజీ చుట్టలు, మొక్కజొన్న సంకటి. మా వాళ్ళు మూడు గంటలు మాట్లాడినా తిండి దగ్గర మోసం చెయ్యరు. తిన్నాక గనిలో మొదటి అంతస్తు చూపించడానికి గుంపులు గుంపులుగా తీసుకెళ్ళారు. ఇప్పుడది మ్యూజియంలెండి, మందిరం వెనక నుంచి నడుచుకుంటూ పోవడమే. దీపాలు సగం వెలుగుతాయి. పక్క సొరంగాలకి తాడు అడ్డం కట్టారు. తాడు! మనుషులు తాడు చూస్తే ఆగుతారా?

సాయంత్రం అందరూ మందిరంలో చేరి ప్లమ్ సారా గ్లాసులు ఎత్తుతుంటే, నేను పెట్టె పట్టుకుని కార్డులు పోగు చేశాను. తగిలించాను. నూట ముప్పై తొమ్మిది.

మళ్ళీ లెక్కపెట్టాను. నూట పన్నెండో కొక్కెం ఖాళీ.

అప్పుడే తలుపుకి తాళం వేశాను. తాళం ఎంత మెత్తగా పడిందో చెప్పనా? వెన్నలో కత్తి దిగినట్టు. తుప్పంట!

కొద్రూత్సా పరిగెత్తుకొచ్చింది. "బాబాయ్, ఏం చేస్తున్నావ్? బయట బస్సులు ఆగి ఉన్నాయి!"

"ఒకడు తక్కువున్నాడమ్మా" అన్నాను.

"ఒక కార్డు తక్కువుంది బాబాయ్! కార్డు! పోతే పోనీ!"

"పొద్దున పోతే ఊరుకోనన్నావుగా?"

"అయ్యో దేవుడా! ఇది సదస్సు బాబాయ్, గని కాదు!"

కాదా? వెనక గోడలోంచి గనిలోకి పోయే కంత ఏంటి మరి? లెక్క తగ్గితే ఎవ్వరూ కదలకూడదు, ముందు వెతకాలి; అది రూలు. ఆ బట్ట మీద రాసిందీ అదేగా. నేనది చదివాను, వాళ్ళు ఫొటో తీసుకున్నారు, అంతే తేడా.

గోలంటే గోల. ఒకావిడ రైలు పోయిందని ఏడుపు. మంత్రి గారి సహాయకుడు, "నేనెవరో తెలుసా?" అన్నాడు. "ఇరవై ఏడు" అన్నాను. తెలుసు కాబట్టే చెప్పాను, ఎగతాళి కాదు. అది కూడా కేసులో రాశారా? రాయండి.

పోలండ్ నుంచి వచ్చిన పెద్దాయన ఒక్కడే లేచాడు; ఆయన కూడా ఒకప్పటి గని మనిషేనేమో. కోటు విప్పి, హెల్మెట్టు పెట్టుకుని నా పక్కన నిలబడ్డాడు. ఆయన భాష నాకు రాదు, నాది ఆయనకి రాదు. ఇద్దరం లోపలికెళ్ళాం. తాళంచెవి నా జేబులోనే ఉండిపోయింది. యాభై నిమిషాలు అందుకే పట్టింది. కావాలని కాదు, గుర్తులేదు.

అది నేను గనిలోకి వెళ్ళడం నాలుగోసారి. ఆ డాక్టరు గారి పేరేంటో నాకేం తెలుసు? "నూట పన్నెండూ! నూట పన్నెండూ!" అని అరుచుకుంటూ పోయాను. తాళ్ళు దాటి ప్రతి పక్క సొరంగంలోకీ తొంగి చూశాం. చివరికి నీటి గొట్టం దగ్గర ఆ పెద్దాయన వంగి, ఒక రాయి తీసుకుని గొట్టం మీద మూడుసార్లు కొట్టాడు. చెవి ఆనించి విన్నాడు. మళ్ళీ మూడుసార్లు.

అక్కడే బురదలో కూలబడ్డాను. మీకిచ్చిన రిపోర్టులో 'వృద్ధుడు మానసికంగా అదుపు తప్పాడు' అని ఉంది చూడండి, అది ఇక్కడ.

డాక్టరు గారా? ఆయన ఉపన్యాసం అవగానే, సూప్ కూడా రాకముందే ఎవరికీ చెప్పకుండా కారెక్కి వెళ్ళిపోయాడట. విమానాశ్రయంలో ఫోను ఎత్తాడు. కార్డు జేబులోనే ఉందట. "నేను వెళ్ళిపోయానని ఎవరైనా గమనిస్తారనుకోలేదు" అన్నాడట. నవ్వారు. అందరూ నవ్వారు. నవ్వాల్సిందే, నేనైనా నవ్వేవాణ్ణి.

ఇంకేముంది, తలుపు తీశాను, మీరొచ్చారు. ఇప్పుడీ కాగితం.

కొంచెం నీళ్ళిస్తారా?

ఇలాంటి కాగితం మీద ఒకసారి సంతకం పెట్టానమ్మా. ముప్పై ఏళ్ళ కిందట. అప్పుడు కూడా ఒక మంచి ఆఫీసరు చక్కటి దస్తూరీతో రాసి పెట్టాడు.

నా భార్య సావెతకి ఒక తమ్ముడు, ఇలారియె. నంబరు రెండొందల ఆరు. మంచి కుర్రాడు గానీ ఒక దురలవాటు. షిఫ్టు అవగానే బిళ్ళ జేబులోనే పెట్టుకుని, స్నానాల గదిలోంచి సరాసరి సారా కొట్టుకి పోయేవాడు. దీపం పక్కవాడి చేతికిచ్చి పంపేవాడు. మర్నాడొచ్చి, "బావా, నీ కొక్కేనికి ఆకలేసిందా?" అని బిళ్ళ విసిరేవాడు. బోర్డు నిండందే నేను ఇంటికి వెళ్ళకూడదు. వాడి కోసం ఎన్ని బస్సులు పోగొట్టుకున్నానో!

ఆ రోజు ఈస్టర్ ముందు శనివారం. మధ్యాహ్నం రెండింటికి గని ఖాళీ, మళ్ళీ మంగళవారం దాకా పని లేదు. అందరి బిళ్ళలూ వచ్చాయి. రెండొందల ఆరు రాలేదు. దీపమూ రాలేదు. దీపం రాకపోవడం ఎప్పుడూ లేదు, చూశాను, చూడలేదనను. బస్సు హారన్ కొడుతోంది. సొరుగులో ప్రతి నంబరుకీ మారు బిళ్ళ ఒకటి ఉంటుంది, పోతే ఇవ్వడానికి. తీసి తగిలించాను. పుస్తకంలో రాశాను: అందరూ పైకొచ్చారు.

మర్నాడు పండగ భోజనానికి సావెత తమ్ముడికి పళ్ళెం పెట్టింది. వాడు రాలేదు. తాగి ఎక్కడో పడుంటాడన్నాను. గొర్రెపిల్ల కూర, పండక్కి ఎర్రరంగేసిన గుడ్లు. నేను గుడ్డు వలుస్తుంటే తలుపు కొట్టారు. పంపుల మనిషి. పండగ రోజైనా నీళ్ళు తోడాలిగా, వాడొక్కడే కిందకెళ్ళొచ్చాడు.

"క్రీస్తు లేచాడు" అన్నాడు.

"నిజంగా లేచాడు" అన్నాను. ఈస్టర్ నాడు అలాగేగా అంటాం.

"తోదర్ అన్నా, గొట్టం మీద ఎవరో కొడుతున్నట్టు వినపడుతోంది. మూడు, ఆగి, మళ్ళీ మూడు. కింద ఎవరైనా ఉన్నారా?"

గుడ్డు నోట్లో ఉంది. అది నమిలి మింగేంతసేపు నాకు తెలుసమ్మా. పూర్తిగా తెలుసు. మింగాక తెలియనట్టయిపోయింది.

"బోర్డు నిండుగా ఉంది" అన్నాను. "నీళ్ళ చప్పుడై ఉంటుంది."

వాడికో గుడ్డిచ్చి పంపాను.

మంగళవారం తీశారు. టిఫిన్ డబ్బా కోసం వెనక్కెళ్ళినట్టుంది, అది పక్కనే దొరికింది; పక్క సొరంగం పైకప్పు కూలింది. కాళ్ళు తప్ప ఒంటి మీద దెబ్బ లేదు. చేతిలో రాయి ఉంది.

ఆఫీసరు అడిగితే చెప్పాను. వాడు పైకొచ్చాడు సార్, బిళ్ళ ఇచ్చాడు, బోర్డు చూడండి. దొంగబిళ్ళేదో చేయించుకుని మళ్ళీ దిగుంటాడు, చెప్పకుండా, తాగి. ఆయన రాసుకున్నాడు. 'మృతుడి స్వంత క్రమశిక్షణా రాహిత్యం.' నేను సంతకం పెట్టాను. మా మందిరం గుమ్మం పక్కన రాతిఫలకం చూశారుగా, గనిలో పోయినవాళ్ళది? నిన్న అతిథులంతా అక్కడ పువ్వులు పెట్టి ఫొటోలు దిగారు. ఇరవై మూడు పేర్లున్నాయి. స్వంత తప్పు కాబట్టి వాడి పేరు చెక్కలేదు. రోజూ తుడుస్తాను దాన్ని. రోజూ ఒకటి తక్కువే.

వాడి బట్టలు సావెతకిచ్చారు. జేబులో అసలు బిళ్ళ దొరికింది. తను భోజనం పెడుతూ నా పళ్ళెం పక్కన పెట్టింది. "ఇది నీదే. ఎక్కడ తగిలించుకుంటావో తగిలించుకో" అంది. ఆ తర్వాత ఇరవై రెండేళ్ళు బతికింది, ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. ఉప్పు ఎక్కువైందా, తలుపు వేశావా, అంతే మా మాటలు.

ఇదిగో. ఎప్పుడూ జేబులోనే ఉంటుంది. రెండొందల ఆరు. ఇక్కడ మీ బల్ల మీద పెడుతున్నాను. రసీదు ఏమన్నా ఇస్తారా?

ఏడవకండమ్మా, యూనిఫాం మీద బాగోదు.

ఈ కాగితం చింపేసి ఇంకోటి రాయండి. తాళం బాగుంది, తోదర్ కిరిలాయే వేశాడు, తాళంచెవి వాడి జేబులోనే ఉందని. దాని కింద పెట్టమంటే ఇప్పుడే పెడతాను. పాతది కూడా రాస్తారా? రాయండి. ముప్పై ఏళ్ళయింది, కేసు చెల్లదంటారేమో. మీ చట్టం నాకు తెలియదు, ఫలకం మీద ఇంకో పేరుకి చోటు మాత్రం ఉంది. కొలిచాను.

నన్నివాళ ఇంటికి పంపుతారో, ఉంచుతారో, మీ ఇష్టం. పులుసు ఎలాగూ పులిసిపోయుంటుంది.

కానీ ఒక్క పని చెయ్యండి. లోపలికొచ్చేటప్పుడు మీ గేటు దగ్గర సందర్శకుల బిళ్ళంటూ ఇది మెళ్ళో వేశారు. తొమ్మిది. నన్ను ఉంచేసేటట్టయితే, ఆ గేటు అబ్బాయి డ్యూటీ దిగేముందు ఒక మాట చెప్పండి. లేకపోతే బోర్డు నిండిందని రాసుకుని వెళ్ళిపోగలడు.

తొమ్మిదో నంబరు ఇంకా లోపలే ఉందని చెప్పండి.