మందుల గది ముందరి పెట్టె

(ఆసుపత్రిలో నెట్‌వర్క్ గది, సాయంత్రం. అతడు ఆ విభాగపు ఇంజనీరు. ఆమె మూడో అంతస్తు నర్సు, అతడి వదిన. నిన్ననే ఆమెను విధుల నుంచి తప్పించారు.)

"ఫోను చేతిలోనే ఉంది. చేతిలోనే. మోగలేదు."

"ముందు కూర్చోండి వదినా."

"కూర్చోడానికి రాలేదు. పన్నెండో మంచం దగ్గర మానిటర్ అలారం కొడితే నా ఫోను మోగాలి. నేను మందుల గదిలో ఇంజెక్షన్ సిద్ధం చేస్తున్నాను. వెళ్లేసరికి ఆ పెద్దాయన పోయాడు. నేను నిద్రపోయానంటున్నారు."

"ఎవరంటున్నారు?"

"ఎవరనరు? ఫోను ఎందుకు మోగలేదో రేపు విచారణలో నువ్వు చెప్పాలి."

"నెట్‌వర్క్ బాగానే ఉంది. మనం గోడలకు బిగించిన ఈ పెట్టెలు ఇళ్లలో పెట్టుకునే వైఫై డబ్బాల్లాంటివి కావు వదినా. ఒక్కోదానికి వందమంది తగులుకున్నా తొణకదు. డాక్టర్లకో దారి, రోగుల చుట్టాలకో దారి. సినిమా చూసేవాణ్ణి ఆపి మరీ మీ నర్సుల ఫోన్లకు ముందు చోటిస్తుంది. కరెంటు కూడా వేరే అక్కర్లేదు, అదే నెట్ తీగలోంచి..."

"పెళ్లిళ్ల పేరయ్యలా గుణాలు ఏకరువు పెట్టకు. లోపం చెప్పు."

"లోపమేం లేదు."

"ఫోను పట్టుకుని అటూ ఇటూ తిరిగితే?"

"అదీ చూసుకుంటుంది. మీరు దూరం పోయేకొద్దీ సిగ్నల్ తగ్గుతుంది కదా. మరీ తగ్గితే ఈ పెట్టె మిమ్మల్ని వదిలేస్తుంది, దగ్గర్లో ఉన్న పెట్టె అందుకుంటుంది. మీకు తెలియను కూడా తెలియదు."

"వదిలేస్తుందా?"

"వదలకపోతే ఆ ఒక్క బలహీనమైన ఫోను కోసం మిగతావన్నీ మెల్లబడతాయి. అందుకని నేనే ఆ ఏర్పాటు..."

"నువ్వే."

"అన్నిచోట్లా చేసేదే వదినా."

"మందుల గది దగ్గర అందుకునే పెట్టె ఏది?"

"అంటే?"

"అంటే ఏమిటి, అంటే? గుమ్మం పైన తెల్లటి పళ్లెంలా ఉండేది, నీలం దీపంతో. పోయిన వారం నుంచి లేదు. నాలుగు స్క్రూ రంధ్రాలున్నాయి."

"మీరు చూశారా?"

"మీ అన్నయ్యతో కాపురం చేస్తున్నదాన్ని. ఉండాల్సిన చోట ఏది లేదో నా కళ్లకు ముందు అదే పడుతుంది."

"డైరెక్టర్ గారి గదిలో వీడియో మీటింగు ఆగి ఆగి వస్తోందన్నారు. కొత్తది వచ్చేదాకా దీన్ని అక్కడ సర్దుదామని..."

"అంటే వార్డులోది చేయి వదిలింది. పట్టుకోవాల్సింది మందుల గది దగ్గర లేదు."

"పెట్టె తీసినప్పుడు ఆ ఏర్పాటు కూడా తీసేయాలి. గుర్తు రాలేదు. నిజం వదినా, గుర్తు రాలేదు."

"ఈ ముక్క రేపు చెప్పు."

"చెబితే డైరెక్టర్ గారి పేరొస్తుంది. విచారణ జరిపేది ఆయనే."

"దొంగ చేతికి తాళాలిచ్చినట్టే ఉంది."

"ఇద్దరి ఉద్యోగాలూ ఎందుకు పోవాలి చెప్పండి. మీకు ఇంకో ఆసుపత్రి దొరక్కపోదు."

"నిద్రపోయి మనిషిని చంపిన నర్సుకా?"

"అలా అనకండి."

"నేననడం లేదు. సరే, విను. నన్ను వదిలెయ్. నిద్రపోయాననే చెబుతాను."

"వదినా..."

"ఒప్పుకుంటాను అంటున్నాగా. నువ్వు మాత్రం ఆ పెట్టె తెచ్చి దాని చోట బిగించు. పన్నెండో మంచం మీద పొద్దున ఇంకొకామెను పడుకోబెట్టారు. ఆపరేషనయ్యాక ఇంకా తెలివి సరిగా రాలేదు. డ్యూటీలో ఉన్నది కొత్తమ్మాయి, అదే ఫోను నమ్ముకుని తిరుగుతోంది."

"ఇప్పుడా?"

"ఇప్పుడే. డైరెక్టర్ గది తాళం నీ దగ్గర ఉంటుందిగా?"

"ఉంది."

"నిచ్చెన నేను పట్టుకుంటాను. లే."

"తాళం సంగతి కాదు."

"పోనీ, ఆ వదిలేసే ఏర్పాటైనా తీసెయ్. ఇక్కడ కూర్చునే తీయొచ్చుగా."

"తీస్తే ఎప్పుడు తీశానో సిస్టంలో నమోదవుతుంది. అదేదో తప్పు దిద్దుకున్నట్టుంటుంది."

"తప్పే కదా. దిద్దు."

"ఆ గుమ్మం మీద పెట్టె ఎప్పుడూ లేదని మధ్యాహ్నమే విచారణవాళ్లకు చెప్పేశాను వదినా. ఆ నాలుగు రంధ్రాలూ పూడ్పించి, రంగు కూడా వేయించేశాను."