పాత కొలత

కుట్టుగదిలో మేనకోడలు కంప్యూటర్‌తో పొద్దుటి నుంచి కుస్తీ పడుతోంది. అత్త ఎంబ్రాయిడరీ డిజైన్లు పాత ఆపరేటింగ్ సిస్టమ్‌లోనే తెరుచుకుంటాయి. దాన్ని కొత్త కంప్యూటర్‌లో, దాని లోపలే మరో కంప్యూటర్‌లా నడిచే వర్చువల్ మెషీన్‌లోకి ఎక్కించాలి.

“ఎక్కనంటోంది అత్తా. ఈ ప్రాసెసర్ తనకి తెలీదట.”

“మరీ కొత్తదా?”

“ఆ సిస్టమ్ తయారైననాటికి ఇది పుట్టనే లేదు.”

“ఒళ్లొచ్చినా పాత కొలతే రాయమంటారు కొందరు. సరేనని రాస్తాను, కుట్టేది మాత్రం అసలు కొలతకే. నువ్వూ పాత ప్రాసెసరేనని చెప్పెయ్.”

మేనకోడలు సెట్టింగుల్లో పాత ప్రాసెసర్ పేరు పెట్టింది. సిస్టమ్ నమ్మేసింది. కాసేపటికి తెర మీద బాతుపిల్ల డిజైను తెరుచుకుంది.

“నా చిన్నప్పటి గౌను మీదది కదూ?”

“ఊఁ. ఈసారి కొలతలు బిడ్డ పుట్టాక తీసుకుంటాను.”

“నేనింకా ఎవరికీ చెప్పలేదే.”

“నెలలో రెండుసార్లు నీ బట్టలు వదులు చేసింది ఎవరే?”