నొప్పులు లేవని కొట్టిన ముద్ర

నాలుగేళ్లుగా నా గొంతులో ముల్లులా దిగబడిన మాట ముందు రాయండి ఎస్సై గారూ, మిగతావి తర్వాత. నా కూతురు ఏడు గంటలు నొప్పులు పడింది. ఆసుపత్రి వాళ్లు ఆమె కాగితం మీద నొప్పులు లేవని ముద్ర కొట్టారు.

నా పేరు మీ దగ్గర ఉంది. వీధిలో ఉలి మేస్త్రీ అంటారు. వయసు డెబ్బై ఒకటి. పని వడ్రంగం. అక్షరాలు కూడబలుక్కుని చదువుతాను.

మొదటి కాన్పు ఎనిమిదో నెలలోనే ముంచుకొచ్చింది. పొద్దున అయిదింటికి ఆసుపత్రిలో చేర్చాను. కాన్పుల గది బయట ఒక కాలు పొట్టిదైన బల్ల మీద కూర్చుని ఏడు గంటలు నా కూతురి అరుపు విన్నాను. పన్నెండింటికి నర్సు బయటికొచ్చి, ద్వారం పూర్తిగా తెరుచుకుంది, తల దిగి ఇరుక్కుపోయింది, కోసి తియ్యాలి అంది. మనవరాలు బతికింది.

ఇంటికి పంపేటప్పుడు ఇచ్చిన కాగితం మీద "నొప్పులు లేవు, ఆపరేషన్" అని నీలం ముద్ర ఉంది. అక్కడ కోసిన కాన్పులన్నిటికీ ఆ ఒక్క ముద్రే. రాయడానికి బద్ధకం.

రెండోసారి కడుపుతో ఉన్నప్పుడు వేరే డాక్టరు ఆ ముద్ర చూసి, అయితే గర్భసంచి ముఖద్వారానికి దెబ్బ తగిలి ఉండదు అన్నాడు. నమ్మాం. ఆరో నెలలో కాన్పయింది. బిడ్డ నలభై నిమిషాలే ఊపిరి పీల్చింది. నా అరచేతిలో పట్టింది.

ఇప్పుడు మూడోసారి. పదమూడో వారం. ఇప్పటి డాక్టరమ్మ చెప్పింది నాకు బాగానే అర్థమైంది. తల దిగాక కోసి పైకి లాగితే ఆ కోత ఒక్కోసారి ముఖద్వారం దాకా చీలుతుంది. బిగువు పోయిన చట్రం తలుపును ఆపదు. మళ్లీ నెలలు నిండకుండానే కాన్పు కావచ్చు.

"మీరు విన్నది నిజమే అయ్యుంటుంది మేస్త్రీ గారూ. కానీ ఎంత చీలిందో కోసినవాళ్లే రాసి ఉంటారు. అది చూస్తే ముఖద్వారం తెరుచుకోకుండా కుట్టు వెయ్యాలో వద్దో తేలుస్తాను" అంది.

పదకొండు రోజులు ఆ ఆసుపత్రి రికార్డుల గదికి తిరిగాను. తడి గోనె కంపు. కేసు కాగితాల మీద టీ గ్లాసుల మరకలు. గుమాస్తా గుండుసూదిని చెవిలో తిప్పుకుని, దానికి అంటింది కాగితాల కట్టకే తుడిచేవాడు. ఎవరి కూతుళ్ల కాగితాలో అవి.

నిన్న సోమవారం పదకొండున్నరకు అతనన్న మాటలివి: "కోతంటే కోతే తాతా. నొప్పులకు ముందైతే ఏంటి, తర్వాతైతే ఏంటి? నొప్పులు లేవని ముద్ర ఉందిగా."

"ఏడు గంటలు విన్నాను నాయనా" అన్నాను.

"ఆడవాళ్లు ఊరికే అరుస్తారులే."

అతని బల్ల మీదే ఉన్న ఆ నొప్పులు లేవనే ముద్ర తీసి, సిరాలో అద్ది, అతని నుదుటి మీద కొట్టాను. సరిగా పడలేదేమోనని రెండోసారి కొట్టాను. పిడికిలి వాడలేదు. నొప్పి పుట్టిందని ఫిర్యాదు ఇచ్చాడట. నొప్పులు లేవని ముద్ర ఉందిగా.

దానికి ఏ శిక్షయినా వెయ్యండి. క్షమాపణ మాత్రం చెప్పను. రాసింది నాకు చదివి వినిపించారు. ఇందులో నేను కలిపింది లేదు, దాచింది లేదు.

గురువారం నాలుగింటికి డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాలి. అది దాటితే కుట్టుకు అదను తప్పుతుందట. కాగితం లేదని రాసిచ్చినా చాలు, దాన్నిబట్టి చేస్తానంది. గురువారం మధ్యాహ్నంలోగా కేసు కాగితం తెప్పిస్తారా, పారేశామని వాళ్ల చేత రాయిస్తారా? చెప్పండి.

(సంతకం)