నొక్కాను బావా

వద్దు ఎస్సై గారూ, కూర్చోను. నిలబడే చెప్తాను. పొద్దుట్నించీ వచ్చినవాడల్లా ఒకటే మాట, ఉచితంగా దొరికేదాంతో ఎవడైనా వ్యాపారం నడుపుతాడా అని. వాళ్ళకేం తెలుసండీ?

మాది లిఫ్టులు బాగుచేసే షాపు. వెబ్‌సైటు కావాలంటే మా బావే చేసిపెడతానన్నాడు. మా అక్క మొగుడు. ఆయన పనే అది. కంపెనీ సాఫ్ట్‌వేరైతే రేపు వాళ్ళు మూసేశారంటే మన సైటూ పోతుంది, ఓపెన్ సోర్స్‌దైతే ఉచితం, పైగా లోపలి కోడు అందరికీ తెరిచే ఉంటుంది, నేను లేకపోయినా ఇంకొకడు బాగుచేస్తాడు, అన్నాడు. తప్పేముంది చెప్పండి?

అలాంటివి రెండు చూపించాడు. ఒకటి బోసిగా ఉంది గానీ గట్టిదట. రెండోదానికి ఎన్ని సోకులైనా తగిలించుకోవచ్చు. తెర మీద లిఫ్టు బొమ్మ పైకీ కిందికీ తిరుగుతుంటే నా కళ్ళు చెదిరాయి. "తగిలించిన ప్రతిదాన్నీ కనిపెట్టుకుని ఉండాలి బామ్మర్దీ, వద్దు" అన్నాడు. నాకదే కావాలన్నాను. ఏం చేస్తాడు, పెట్టాడు.

నిన్న పొద్దున ఎవడో సైటులోకి చొరబడ్డాడు. మా అత్యవసర నంబరు నొక్కితే జూదం పేజీ వస్తోంది. సరిగ్గా అప్పుడే, మేం చూసుకునే ఓ బిల్డింగులో పెద్దావిడ లిఫ్టులో ఇరుక్కుంది. ఉబ్బసం మనిషి. కొడుకు బయట నిలబడి ఫోనులో ఆ నంబరే నొక్కుతాడు, నొక్కుతాడు... చివరికి ఫైర్ వాళ్ళొచ్చి తలుపు కోసేసరికి గంటన్నర. తలుపు గీరీ గీరీ ఆవిడ గోళ్ళు ఊడిపోయాయండీ. బతికింది. మాట మాత్రం ఇంకా రాలేదట.

ఆ కొడుకు తిన్నగా మా షాపుకొచ్చాడు. కాలరు పట్టుకుని నా మొహాన్ని షట్టరుకేసి కొట్టాడు. ఒకసారి కాదు. ఇదిగో, ఈ పెదవి అలా చీలిందే. నేను చెయ్యెత్తలేదు. ఎలా ఎత్తను? ఆయన చొక్కా మీద వాళ్ళమ్మ నెత్తురు ఇంకా ఆరలేదు.

ఆయన వెళ్ళాక లోపలి గదిలోకి నడిచాను. బావ కంప్యూటరు ముందు కూర్చుని ఆ పాడు పేజీలు పీకేస్తున్నాడు. తలుపు తెరిచే ఉంది, అవతల పనివాళ్ళు. నా వైపు తిరక్కుండానే, "ఎక్కణ్ణించి దూరాడో దొరికింది" అన్నాడు. ఇంకేదో చెప్పబోయాడు.

చెప్పనివ్వలేదండీ. బల్ల మీదున్న పెద్ద పానా ఎత్తి, మౌసు మీదున్న చేతి మీద వేశాను. ఎముక విరగడం నాకు వినపడింది. రెండోది మోచేతి మీద. కుర్చీలోంచి పడ్డాడు. పడ్డాక కూడా తన్నాను, డొక్కలో. నలుగురు వెనక్కి లాగితే గానీ ఆగలేదు. నాకు సైకిలు నేర్పిన మనిషండీ ఆయన.

మీకేం చెప్పాడు? షాపు మెట్ల మీంచి జారానన్నాడు కదా? మా అక్క మొహం చూసి అన్నాడనుకున్నాను. కాదు. ఆస్పత్రిలో నన్ను దగ్గరికి పిలిచి, చెవిలో అన్నాడు. "ఆ బొమ్మలోంచే దూరాడ్రా. నువ్వు అప్‌డేట్ చెయ్యలేదని నాకు తెలిసింది. ఎవరికీ చెప్పను, నువ్వూ అనకు."

ఆర్నెల్లుగా ఆ లిఫ్టు బొమ్మ అప్‌డేట్ చెయ్యమని అడుగుతూనే ఉంది. మొదట్లో ఒకసారి నొక్కితే బొమ్మ కాస్తా ఆగిపోయింది. మళ్ళీ ఆగుతుందేమోనని నొక్కడం మానేశాను. ఆయన ఫోను చేసి అడిగిన ప్రతిసారీ "నొక్కాను బావా" అన్నాను.

అందరూ నేను కోపంలో కొట్టాననుకుంటున్నారు. కాదండీ. పనివాళ్ళు వింటుండగా ఆయన ఆ మాట బయటపెడతాడని కొట్టాను. నోరు మూయించడానికి కొట్టాను.

అలాగే రాసుకోండి. ఎక్కడ సంతకం పెట్టమంటారు?